జబ్బు చెప్పుకొనే భాష
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మాది రైల్వేలో గుమాస్తా ఉద్యోగము. చదువు మెట్రిక్యులేషన్ వరకే. వైద్యమును గురించి మాట్లాడుటకు వీరికేమి అర్హత అని మీలో కొందరికి తోచవచ్చును. వైద్యము జోలికి మేము పోము. డాక్టరు ముందు కూర్చున్న మనిషి తన బాధను ఎట్లు చెప్పుకొనును, అవతలివారి చెవికి అది ఎట్లు వినబడును అనునదే మా విషయము. టిక్కెట్టు కిటికీ వెనుక కూర్చున్నవానికి ఈ సంగతి కొంత తెలియును. మారికుప్పం నుండి బంగారుపేట వరకుగల ఈ కొద్దిపాటి దారిలోనే తెలుగు, తమిళము, కన్నడము, ఉర్దూ నాలుగును వినబడుచుండును. ఊరి పేరు తప్పుగా వింటే టిక్కెట్టు మార్చి ఇయ్యవచ్చును. జబ్బు పేరు తప్పుగా వింటే మార్చుట అంత సులభము కాదు.

ఒక్క మాట తీసికొందాము. మన తెలుగులో ఆయాసమనగా ఊపిరి అందక రొప్పుట. కన్నడములో అదే మాటకు అలసట అని అర్థము. తమిళములోను అంతే. మా వీధిలో ఒక పెద్దాయన ఉన్నారు, గనిలో దిగి పనిచేసినవారు. ఆయన ఒక ఆసుపత్రికి పోయి, "ఆయాసంగా ఉందమ్మా" అన్నారు. కన్నడమే తెలిసిన నర్సమ్మ అలసట అని వ్రాసికొన్నది. బలమునకు టానిక్కు ఇచ్చి పంపినారు. రెండు నెలలు ఆ టానిక్కు త్రాగినారు. ఆయన కూతురు వెంటబోయి, "మా నాయనకు నాలుగు మెట్లెక్కితే ఊపిరాడదు" అని విడమరచి చెప్పిన తరువాతనే రొమ్ముకు ఎక్స్‌రే తీసినారు. ఆ నర్సమ్మను తప్పు పట్టుటకు మాకు మనసు రాదు. ఆమె విన్న మాట ఆమె భాషలో సరియైన మాటే.

మరొక ఊరిలో ఇది చిన్న సంగతి కావచ్చును. మన ఊరిలో కాదు. 1880లో జాన్ టేలర్ కంపెనీవారు ఈ గనులు చేపట్టిన కాలము నుండి చిత్తూరు, ఉత్తర ఆర్కాటు, సేలం సీమల జనము ఇక్కడికి వచ్చి రాతిని తొలిచినారు. ఛాంపియన్ రీఫ్ గని మూడు కిలోమీటర్లకు మించిన లోతు. ఆ రాతి ధూళి ఊపిరితిత్తులలో పేరుకొని వచ్చు జబ్బే సిలికోసిస్. మన దేశములో అది మొదట బయటపడినది ఈ గనులలోనే, 1934లో. 1940 మొదలు 1946 వరకు 7,653 మంది పనివారిని పరీక్షించగా నూటికి నలభై మందికి పైగా దాని గుర్తులు కనబడినవి. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతబడినవి. ధూళి మాత్రము లోనికి దిగినవారి రొమ్ములోనే ఉన్నది. పని మానిన తరువాత కూడ ఈ జబ్బు ముదురును, క్షయ దీనికి తోడు కావచ్చును. ఇట్టిచోట ఆయాసమన్న మాట అలసటగా వినబడితే మనకు గడవదు.

ఇక మయక్కం. తమిళుడు ఈ మాట అన్నప్పుడు కండ్లు తిరుగుచున్నవని భావము. మన చెవికి అది మైకమువలె తోచి, త్రాగి వచ్చినాడేమో అనుకొనుటకు వీలున్నది. నవ్వకండి. 1980లో అమెరికాలోని ఫ్లారిడా రాష్ట్రములో పదునెనిమిదేండ్ల పిల్లవానిని స్పృహ లేని స్థితిలో ఆసుపత్రికి తెచ్చి, ఇంటివారు తమ స్పానిష్ మాటలో "ఇంటాక్సికాదో" అన్నారు. తిన్నదో త్రాగినదో పడలేదని వారి భావము. డాక్టర్లు మత్తు మందు మింగినాడని తలచి, ఆ చికిత్సే చేసినారు. అసలు జరిగినది మెదడులో రక్తస్రావము. ఆ పిల్లవానికి కాలుసేతులు రెండును జీవితాంతము పడిపోయినవి. నష్టపరిహారముగా కోట్ల డాలర్లకు ఒప్పందము జరిగినది గాని, కాలుసేతులు తిరిగి రాలేదు.

ఆ దేశములో ఇంట స్పానిష్ మాట్లాడువారు నాలుగు కోట్లకు పైగా ఉన్నారు. అందుచేత అక్కడ ఆసుపత్రి పని చేయువారు స్పానిష్ నేర్చుకొందురు. మాటలొక్కటే చాలవు. మనకు నువ్వు, మీరు అని ఉన్నట్లే వారికి తూ, ఉస్తేద్ అని ఉన్నవి. ముసలివారిని తూ అంటే సగము జబ్బు దాచిపెట్టుదురు. సుస్తో అని ఒక జబ్బు చెప్పుదురు. మన సుస్తీ కాదది, మన దడుపు జ్వరము. పిల్లవాడు దడుసుకొన్నాడని తల్లి అంటే, అది మూఢనమ్మకమని కసిరేవాని కంటె, ఎప్పటినుండి అమ్మా, అన్నము తింటున్నాడా అని అడిగేవానికి ఎక్కువ సంగతులు తెలియును.

మన ఆడవారి మాటలు మరీ చిక్కు. కోడలు నీళ్లు పోసుకొన్నదని అత్త చెప్పితే, పరభాష నర్సమ్మ స్నానము చేసినదని అనుకొనదా? "బయట ఉన్నాను" అంటే వరండాలో ఉన్నదనుకొనదా? ఇక సిగ్గుపడవలసిన జబ్బులకు ఇంగ్లీషు బడిలో చదివే మనుమడిని దుబాసీగా తీసికొని పోవుట మన ఇండ్లలో వాడుకైనది. పదేండ్ల వాని ముందు అవ్వ ఏమి చెప్పును? కడుపు నొప్పి అని చెప్పి ఊరకుండును. అమెరికాలో 2016 నాటి నిబంధనలే అత్యవసరమైతే తప్ప పిల్లలచేత దుబాసీతనము చేయించరాదన్నవి.

మన దేశములోను 2019 నుండి వైద్య విద్యార్థుల ప్రారంభ శిక్షణలో స్థానిక భాషకు చోటిచ్చినారు. మంచిదే. అయితే కోలారు జిల్లాలో స్థానిక భాష ఏది? కాగితము మీద కన్నడము. ముళబాగిలు, శ్రీనివాసపురము పల్లెలలో ఎన్నో ఇండ్లలో తెలుగు. ఇక్కడ ఊరిగాం, రాబర్ట్‌సన్‌పేటలలో తమిళము. ఏది వదలినా ఒక వార్డు మూగబోవును.

ఉదయపు బండిలో బెంగుళూరు ఆసుపత్రులకు నర్సు పనికి పోవు మన ఆడబిడ్డలను మేము చూచుచుందుము. వారికి నాలుగు భాషలును అంతో ఇంతో వచ్చును. ఆ అంతో ఇంతోను సరిచేయవలెనని మా కోరిక. అట్లే కేరళనుండి, ఉత్తర కర్ణాటకమునుండి ఈ జిల్లా ఆసుపత్రులకు వచ్చినవారికి రోగి తెలుగు నేర్పవలెను. పద్యాలు వలదు, వ్యాకరణము వలదు. ఎక్కడ నొప్పి, ఎప్పటినుండి, ఊపిరాడుచున్నదా, మలము ఎట్లున్నది, పొద్దున ఎంత సంకటి తిన్నారు: ఇవి చాలు.

ఆదివారము మధ్యాహ్నము మన సంఘపు గది ఖాళీగానే ఉండును. నేర్చుకొన వచ్చెదమని కొందరు పిల్లలు ఇప్పటికే పేర్లు ఇచ్చినారు. ఇక కావలసినది రోగులు. ఇంటిలో ఉన్న నాయనలు, అవ్వలు వచ్చి ఎదుట కూర్చుని, తమకు అలవాటైన మాటలలోనే తమ బాధలు చెప్పవలెను. పిల్లలు అడుగుదురు, వ్రాసికొందురు, తప్పితే మీరు దిద్దుదురు. తీరిక ఉన్నవారు సభ అయిన తరువాత మా వద్ద పేరు వ్రాయించవలెను. కాఫీ ఖర్చు సంఘముది.