కొండ కడుపులోని నీటి దారులు
(వెర్కోర్ గుహలు, గండ్లను గూర్చిన ప్రసంగ పాఠం)



పర్వతమనగానే ఎవరి చూపైనా పైకే పోతుంది. శిఖరం, మంచు, మేఘం - ఇవే మనస్సులో మెదలుతాయి. ఫ్రాన్సు దేశపు ఆగ్నేయ భాగాన, గ్రెనోబుల్ నగరానికి నైరుతి దిశలో, ఆల్ప్స్ పర్వతాల పడమటి అంచున వెర్కోర్ అనే పీఠభూమి ఉన్నది. దాని అత్యున్నత శిఖరమైన గ్రాన్ వేమోన్ ఎత్తు 2,341 మీటర్లు మాత్రమే. ఆల్ప్స్‌లో అంతకు రెట్టింపు ఎత్తు గల శిఖరమే ఉన్నది. అయినను దేశదేశాల అన్వేషకులు వెర్కోర్‌ను వెదుక్కుంటూ రావడానికి కారణం దాని ఎత్తు కాదు, లోతు.

ఈ ప్రాంతాన్ని 1970లో ఫ్రాన్సు ప్రభుత్వం ప్రాంతీయ ప్రకృతి ఉద్యానంగా ప్రకటించింది. ఉద్యానమంటే చుట్టూ కంచె వేసి మనుషులను వెళ్ళగొట్టిన అడవి కాదు. అందులో గ్రామాలున్నాయి, పొలాలున్నాయి, గొర్రెల మందలున్నాయి. ప్రకృతి రక్షణను, ప్రజల జీవనాన్ని ఒకే ఒడంబడికలో ముడివేసిన ఏర్పాటు అది. ఆ ముడి ఎందుకు అవసరమైనదో తెలియాలంటే అక్కడ కురిసిన వాన చినుకు వెంట నడవాలి.

పది కోట్ల సంవత్సరాలకు పూర్వం ఆ ప్రాంతమంతా వెచ్చని, లోతులేని సముద్రం. అందులోని జీవుల గుల్లలు, అవశేషాలు అడుగున పేరుకొని, కాలక్రమాన సున్నపురాయిగా గట్టిపడ్డాయి. ఆల్ప్స్ పర్వతాలు ఏర్పడిన కాలంలో ఆ సముద్రపుటడుగే పైకి లేచి కొండయింది. లేచేటప్పుడు పగుళ్ళు వారింది. వాననీరు గాలిలోను, నేలలోను ఉండే బొగ్గుపులుసు వాయువును కలుపుకొని స్వల్పంగా ఆమ్లగుణం పొందుతుంది. ఆ నీరు పగుళ్ళలో దిగి, లక్షల ఏళ్ళపాటు రాతిని కొద్దికొద్దిగా కరిగించింది. పగులు సందయింది, సందు బిలమయింది, బిలం మహాగుహ అయింది. అందువల్లనే ఆ పీఠభూమి మీద వాన, మంచు సమృద్ధిగా కురిసినా వాగులు కనిపించడం అరుదు. పైన కాపరి నీటి చుక్క కోసం వెదుకుతుండగా అతని పాదాల క్రింద నది ప్రవహిస్తుంటుంది.

ఆ నదిని మనిషి మొదట చూసిన కథ 1953 మే 24న ఆరంభమయింది. సోర్నిన్ పీఠభూమి మీద, 1,460 మీటర్ల ఎత్తున, గ్రెనోబుల్ యువకుడు జో బెర్జే ఒక బిలాన్ని కనుగొన్నాడు. అతడూ, అతని మిత్రులూ నిచ్చెనలతో, త్రాళ్ళతో దిగిన కొద్దీ ఆ బిలానికి అంతు కనిపించలేదు. నిలువు బావుల తరువాత విశాలమైన మండపాలు, వాటి నడుమ చీకటిలో పారే ఏరు. 1956లో పలు దేశాల అన్వేషకులు కలిసి అందులో వెయ్యి మీటర్ల లోతును దాటారు. ప్రపంచంలో మానవుడు ఏ గుహలోను అంతకు పూర్వం అంత లోతుకు పోయి ఉండలేదు. ఆ అగాధానికి నేడు బెర్జే పేరే స్థిరపడింది.

మరి ఆ ఏరు ఎక్కడకు పోతుంది? ఇటువంటి ప్రశ్నకు శాస్త్రజ్ఞులు సులభమైన ఉపాయం కనుగొన్నారు. పైన నీటిలో హానిచేయని రంగు కలిపి, క్రింద ఊటల వద్ద కాపలా ఉంటారు. ఏ ఊటలో రంగు కనిపిస్తే దారి అక్కడ తేలిందన్నమాట. బెర్జే అగాధపు నీరు పర్వత పాదాన, గ్రెనోబుల్ పొరుగున గల సాసెనాజ్ గుహలనుండి వెలుపలికి వస్తుంది. అనగా పైన మేత బీళ్ళమీద పడిన చినుకు, ఏ సూర్యకిరణమూ చొరని దారిని వేయికి పైగా మీటర్లు దిగి, పట్టణం వాకిట వెలుగు చూస్తుందన్నమాట.

నీరు బయటపడిన చోట మరొక శిల్పం మొదలవుతుంది. బూర్న్, వెర్నెజోన్ నదులు సున్నపురాతిని నిలువునా కోసి లోతైన గండ్లను ఏర్పరచాయి. పెన్నానది గండికోట వద్ద కొండను చీల్చిన తీరు చూసినవారికి ఈ దృశ్యం కొంతవరకు ఊహకందుతుంది. ఈ గండ్ల మూలంగా పీఠభూమి మీది గ్రామాలకు శతాబ్దాలపాటు కంచరగాడిదల బాటలే గతి. 19వ శతాబ్దిలో కూలీలు త్రాళ్ళకు వ్రేలాడుతూ, కొండ గోడకు మందుపాతరలు అమర్చి రోడ్లు తొలిచారు. వెర్నెజోన్ గండిలోని గ్రాన్ గూలే మార్గం 1854లో పూర్తయింది. రాళ్ళు విరిగిపడే ప్రమాదం వల్ల ఈ శతాబ్దిలో ఆ పాత దారిని మూసివేసి, 2008లో సొరంగ మార్గాన్ని తెరిచారు. మనిషి తొలిచిన దారిని కొండ తిరిగి అడిగి తీసుకున్నది.

బూర్న్ గండి ప్రక్కనే షొరాంష్ గుహలున్నాయి. ఇక్కడ కప్పునుండి సన్నని బోలు గొట్టాల వంటి సున్నపు ఊడలు వేల సంఖ్యలో వ్రేలాడుతుంటాయి. కొన్ని మూడు మీటర్ల పొడవు ఉన్నా, వాటి మందం గడ్డిపరకదే. ఒక్కొక్క నీటిబొట్టు జారేముందు వదిలిన సున్నపు రేణువులే వాటి కట్టడం. తరతరాల ఆ కట్టడాన్ని కూల్చడానికి ఒక్క చేతి తాకిడి చాలు.

గుహలు నీటిని మాత్రమే కాదు, చరిత్రను కూడ దాచుకుంటాయి. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో వెర్కోర్ నాజీ ఆక్రమణను ప్రతిఘటించిన ఫ్రెంచి దేశభక్తులకు ఆశ్రయమయింది. 1944 జూలై 21న జర్మను సేనలు గ్లైడర్లలో వాసియో గ్రామం వద్ద దిగాయి. ప్రతిఘటనోద్యమ వైద్యులు తమ ఆసుపత్రిని లూయిర్ గుహలోనికి తరలించారు. గాయపడి పట్టుబడిన శత్రుసేన సైనికులకు కూడ అక్కడే చికిత్స జరిగింది. జూలై 27న జర్మను సైనికులు గుహను కనుగొన్నారు. క్షతగాత్రులలో అత్యధికులను అక్కడా, సమీపంలోను కాల్చి చంపారు. ఇద్దరు వైద్యులను, ఒక మతగురువును ఆగస్టు 10న గ్రెనోబుల్‌లో కాల్చివేశారు. నర్సులను రావెన్స్‌బ్రుక్ నిర్బంధ శిబిరానికి పంపారు. వారిలో ఒకరు తిరిగి రాలేదు.

ఈ గుహకు విచిత్రమైన స్వభావమొకటి ఉన్నది. సాధారణంగా అది పొడిగా ఉంటుంది. కొన్నేళ్ళకొకసారి, భారీ వర్షాలు కురిసి మంచు కరిగినప్పుడు, భూగర్భ జలం వందల మీటర్లు పైకి పొంగి గుహద్వారం నుండి నదిలా దూకుతుంది. కొండ లోపల ఏదీ ఊరక పడి ఉండదని అప్పుడు చూసినవారికి తెలుస్తుంది.

వెర్కోర్ నేర్పే పాఠం ఇదే. ఇసుక నేలలో ఇంకే నీటిని ఇసుక వడపోస్తుంది. సున్నపురాతి బిలానికి జల్లెడ లేదు. పైన బిలంలో పారవేసిన చెత్తయినా, పశుకళేబరమైనా, పొలంలో ఒలికిన విషమైనా క్రింది ఊరి తాగునీటిలోనికి చేరడానికి ఎంతోకాలం పట్టదు. కాబట్టి గుహను కాపాడటమంటే గుహద్వారానికి తాళం వేయడం కాదు; దానిపైని పచ్చికను, పొలాన్ని, పాకను కాపాడటం. గ్రామాలను, గుహలను ఒకే ఒడంబడికలో చేర్చడంలోని ఔచిత్యం ఇక్కడ బోధపడుతుంది.

గుహలో ప్రవేశించేవారికీ నియమాలున్నాయి. ఒంటరిగా పోరాదు. ఎప్పుడు తిరిగి వచ్చేదీ పైనున్నవారికి చెప్పి పోవాలి. ఆకాశాన్ని చూడక అడుగు పెట్టరాదు. పైన పడిన వాన లోపల వరదవుతుంది. బెర్జే అగాధంలో అటువంటి వరదలకు అనుభవజ్ఞులే బలి అయ్యారు. శీతకాలంలో నిద్రించే గబ్బిలాలను కదపరాదు. ఊడను విరిచి జ్ఞాపికగా తేరాదు.

సున్నపురాతికి దేశభాషలు లేవు. కర్నూలు సీమలో బెలూం గుహలను, విశాఖ మన్యంలో బొర్రా గుహలను తీర్చినదీ నీరే. 1980 దశకం తొలి ఏళ్ళలో జర్మను గుహాన్వేషకులు వచ్చి బెలూం గుహలను శ్రద్ధగా కొలిచి పటం గీశారు. యుద్ధం ముగిసిన పదకొండేళ్ళకు పలు దేశాలవారు బెర్జే అగాధంలో ఒకే త్రాటిని పట్టుకొని దిగారు. చీకటిలో దిగేవానికి పైన త్రాడు పట్టుకున్నవాడు ఏ దేశపువాడన్న విచారం ఉండదు, ఆ పట్టు గట్టిదేనా అన్నదొక్కటే ముఖ్యం. పైనున్నవారి మంచిచెడ్డలు క్రిందివారికి చేరి తీరుతాయని కొండ కడుపులోని నీరు కూడ ఆ మాటనే చెబుతున్నది.