సైకిలు యాత్రికుల సంకల్పము

మొవ్వ నుండి బందరుకు సైకిలుపై పోవుట మన విద్యార్థులకు వింత గాదు. అమెరికాలోని టెక్సాసు విశ్వవిద్యాలయ విద్యార్థులు 2004లో ఆస్టిను నగరము నుండి అలాస్కాలోని యాంకరేజి వరకు 4,000 మైళ్లకు పైబడిన యాత్రను మొదలిడిరి. క్యాన్సరుపై పోరునకు విరాళములు కూర్చుట, దారిలోని ఊళ్లలో ఆ వ్యాధిని గూర్చి తెలియజెప్పుట దీని ఆశయములు.

చదువుకొను పిల్లలకు ఇంత శ్రమ యేల? దీనికి సమాధానము వారి దినచర్యలోనే మాకు కనబడుచున్నది. ప్రతి ఉదయమును వారు వలయముగా నిలిచి, ఆనాటి ప్రయాణమును ఎవరికి అంకితమిచ్చుచున్నారో చెప్పుకొందురు. ఒకరికి తల్లి, ఒకరికి తాత, ఒకరికి మిత్రుడు. యాత్రకు ఆద్యుడైన క్రిస్ కాండిట్ బాల్యమున క్యాన్సరును జయించినవాడే.

ఇట్టి ప్రేరణ మనసీమకును క్రొత్తది గాదు. గుడివాడ ప్రాంతపు కొమరవోలు ఆడపడుచు బసవతారకము గారు 1985లో క్యాన్సరుతో మరణించిరి. నిమ్మకూరు వాసియైన ఆమె భర్త నందమూరి తారక రామారావు గారి సంకల్పమున, ఆమె పేర హైదరాబాదులో 2000లో క్యాన్సరు ఆసుపత్రి వెలసినది. ఒక యింటి దుఃఖము పదిమందికి వైద్యమైనది.

అయినను మన యిండ్లలో రాచపుండు పేరెత్తుటకే జంకుదుము. రొమ్మున గడ్డ తగిలినను, నొప్పి లేదుగదా యని తల్లులు దాచుకొందురు. నొప్పి లేని గడ్డను సైతము వైద్యునికి చూపవలెను. వ్యాధి యైనచో, తొలిదశలో కనుగొనిన నయమగు అవకాశము హెచ్చు. వేల మైళ్లు త్రొక్కుట కొందరికే సాధ్యము. తల్లిని సకాలమున ఆసుపత్రికి తీసికొనిపోవుట ప్రతి బిడ్డకును సాధ్యమే.