దూరపు కుళాయికి వేడినీరు
(రైతు శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగము)



సాగర్ ఎడమ కాలువ చివరి భూములున్న మన ఖమ్మము రైతుకు ఒక సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ఎండిన కాలువకు నీరు వదలిన నాడే అది చివరి మడికి చేరదు. ముందు కాలువ తడవవలెను, తరువాత నిండవలెను. ఇంటిలో వేడినీటి గొట్టము సంగతియు ఇంతే. కుళాయి త్రిప్పగానే మొదట వచ్చునది గొట్టములో నిలిచి చల్లబడిన నీరు. అది పోయినగాని వేడినీరు రాదు.

దుమ్ముగూడెము, చర్ల, అశ్వారావుపేట వైపు చాల ఇండ్లలో స్నానపు గది పెరటి చివర ఉండును. కట్టెల బాయిలరో, సోలార్ హీటరో ఇంటికి ఈ కొసన ఉండును. మధ్య 30 అడుగుల గొట్టము. నీరు త్వరగా రావలెనని కొందరు అంగుళపు గొట్టము వేయింతురు. ఇది తలక్రిందుల ఆలోచన. ఆ గొట్టములో సుమారు 4½ లీటర్లు నిలుచును. అరంగుళపు గొట్టములోనైతే లీటరు పైచిలుకు మాత్రమే. వ్యాసము సగమైనచో పట్టు నీరు నాలుగవ వంతగును.

ఇంటిలో నలుగురు గంట, రెండు గంటల ఎడముగా స్నానము చేసినచో, లావు గొట్టములో రోజుకు 18 లీటర్ల వేడినీరు ఊరక చల్లారును. కట్టె మంటలో ఐదవ వంతు వేడియే నీటికి చేరునని లెక్కించినను, ఇది సుమారు ముప్పాతిక కిలో ఎండుకట్టె. అడవినుండి మోపు నెత్తిన తెచ్చు ఆడవారు ఈ లెక్క మనకంటె బాగుగా ఎరుగుదురు.

మణుగూరు వద్ద పగిడేరులో బోరునుండి వేడినీరు తనంత తానే ఉబికివచ్చును. మనకట్టి భాగ్యము లేదు గనుక, అన్నిటికంటె ముందు చేయవలసినది బాయిలరును స్నానపు గది గోడ ప్రక్కకు జరుపుట. తాటాకు కప్పుకు మాత్రము దూరముగా ఉంచవలెను. సోలార్ హీటరైనచో, మిద్దె బరువు మోయగలదని మేస్త్రీతో చూపించుకొని స్నానపు గదికి దగ్గరగా పెట్టవలెను. ఇప్పచెట్టు నీడ పడు చోటు పనికిరాదు.

గొట్టము విషయము. అరంగుళపు ఇనుప గొట్టము 30 అడుగులు సుమారు 11 కిలోలు తూగును. మొదట తాను వేడెక్కుటకే లీటరు పైగా నీటి వేడిని మ్రింగును. సి.పి.వి.సి. గొట్టము మేలు. మామూలు తెల్ల పి.వి.సి. వేడికి మెత్తబడి వంగును, వాడరాదు. రెండు కుళాయిలు ఒకేసారి విప్పు ఇంటిలో చీలిక వరకు ముప్పాతిక అంగుళము, అక్కడనుండి అరంగుళము చాలును.

పైన నురుగు తొడుగు వేసినచో వెంటవెంట చేయు స్నానములకు లాభము. తెల్లవారుజామున మొదటి చెంబుకు దానివలన లాభము లేదు. వరిగడ్డి చుట్టినచో చెదలు పట్టును. పెద్ద సత్రములలో మోటారుతో నీటిని త్రిప్పుచుందురు. ఆ ఖర్చు మనకు దండుగ.

బకెట్టు స్నానమునకు మొదటి చల్లనీరు పారబోయనక్కరలేదు, తొలుపునకు పనికివచ్చును. నష్టమంతయు గిన్నెలు తోము చోట.

ఒక హెచ్చరిక. బాయిలరు గాలి గొట్టమునకు ఎన్నడును బిరడా పెట్టకుడు, వాల్వు బిగింపకుడు. ఆవిరికి దారి లేనిచో అది పగులును.

రేపు ఉదయము కుళాయి క్రింద లీటరు చెంబు పెట్టి, వేడి తగులు వరకు ఎన్ని చెంబులు వచ్చునో లెక్కింపుడు. గొట్టము పట్టు నీటికి రెండింతలు మించినచో, అది ఎక్కడనో తడిమట్టిలో పూడి ఉన్నదేమో త్రవ్వి చూడుడు.