బందరు పట్టణము - కృష్ణా పత్రిక



ఆంధ్రదేశమున పత్రికల పుట్టుక యనగానే పెక్కుమందికి చెన్నపట్టణము తోచును. అది సహజమే. అచ్చుయంత్రములు, కాగితపు వర్తకులు, చదువుకొన్న ఉద్యోగులు అందరును అచ్చటనే యుండిరి. కాని తెలుగువారి రాజకీయ జీవితమునకు నలువది యేండ్లకు పైగా వాణినిచ్చిన పత్రిక యొకటి సముద్రతీరమున, పూర్వవైభవము చాలవరకు చల్లారిన ఒక చిన్న పట్టణమున పెరిగినది. ఆ పట్టణము మచిలీబందరు. ఆ పత్రిక కృష్ణా పత్రిక.

బందరు ఒకప్పుడు గొప్ప రేవు. 1611లో ఆంగ్లేయులు అచ్చట వర్తకస్థానము నేర్పరచుకొనిరి. కలంకారీ వస్త్రములు అచ్చటనుండియే దేశాంతరములకు పోయెడివి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి వచ్చిన ఉప్పెనలో సుమారు ముప్పదివేల మంది మరణించిరి. రేవు పూడుకొనిపోయినది, ఓడలు దూరముననే నిలువవలసి వచ్చెను. మిగిలినవి జిల్లా కచేరీలు, న్యాయస్థానములు, నోబులు కళాశాల, వకీళ్లు. వర్తకము పోయిన యూర వకీళ్లు మిగులుట మన దేశమున క్రొత్త సంగతి కాదు.

ఆ వకీళ్లలో ఇరువురు, కొండా వెంకటప్పయ్య, దాసు నారాయణరావు గారలు, 1902 ఫిబ్రవరి 2వ తేదీన కృష్ణా పత్రికను వెలువరించిరి. మొదట పక్షపత్రిక, తరువాత వారపత్రిక. నాటికి బందరుకు రైలు లేదు, 1908లో గాని రాలేదు. బెజవాడనుండి కాలువమీద పడవ ప్రయాణమే శరణ్యము. అట్టి యూరినుండి పత్రికను నడుపుట సాహసమే. పైగా 1904లో గుంటూరు ప్రత్యేక జిల్లా అయ్యెను. పిదప వెంకటప్పయ్యగారు తమ నివాసమును గుంటూరునకు మార్చుకొనిరి. స్థాపకుడు ఊరు విడిచిన పత్రికలకు సాధారణముగా పట్టు గతి యందరెరిగినదే.

దానికా గతి పట్టకుండ కాచినవాడు ముట్నూరి కృష్ణారావు. దివిసీమలోని ముట్నూరున 1879లో జన్మించి, నోబులు కళాశాలలో రఘుపతి వేంకటరత్నం నాయుడుగారి ప్రభావమున పెరిగిన యువకుడు. ఉపసంపాదకుడుగా చేరి, 1907లో సంపాదకత్వమును వహించెను. ఆ యేడే బిపినచంద్ర పాలును వంగదేశమునుండి రావించి, వెంటనుండి ఆంధ్రతీరపు పట్టణములన్నింట ఉపన్యాసము లిప్పించెను. రాజమహేంద్రవరమున చిలకమర్తి లక్ష్మీనరసింహము పంతులుగారు వానిని తెనిగించి చెప్పిరి. ఆ సంచారపు వేడియే తరువాత బందరున 1910లో ఆంధ్ర జాతీయ కళాశాలయై నిలిచెను. కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య, కృష్ణారావు గారలు ముగ్గురును దానికి మూలస్తంభములు. పట్టాభిగారు 1919లో అదే పట్టణమునుండి జన్మభూమి యను ఆంగ్ల వారపత్రికను గూడ నడపిరి. ఇంట మాటాడుకొనుటకు ఒక పత్రిక, పొరుగువారికి వినిపించుటకు మరియొకటి! అంతటి చిన్న యూరికి ఇది తక్కువ సంపద కాదు.

అది ప్రమాదకాలము. 1908లో బెజవాడ స్వరాజ్య పత్రికలో, తిరునల్వేలి కాల్పులను గూర్చిన వ్యాసమునకై గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారికి మూడేండ్ల కఠినశిక్ష పడెను. బందరుకును బెజవాడకును నలువది యైదు మైళ్ల లోపే. సూటిగా వ్రాసిన పత్రిక పోయెను, సంపాదకుడు చెరసాలకేగెను. వ్రాయకుండిన పత్రిక యుండియు లేనట్లే. ఈ రెంటి నడుమ దారి వెదకుకొనుట జిల్లా పత్రికలన్నిటికి వచ్చిన పరీక్ష. కృష్ణారావుగారి రచనలో రాజకీయము వేదాంతముతోను, కళాతత్త్వముతోను పెనవైచుకొని యుండెడిది. కొందరికది మబ్బువలె తోచవచ్చును. కాని పాఠకునికి తెలిసి, పాలకునికి పట్టుబడని వాక్యము వ్రాయుట సామాన్యమైన విద్య కాదు. అది వట్టి జాగ్రత్త యనుటయు న్యాయము కాదు. ఆయన స్వభావమే యట్టిది. వేయిమాటలు చెప్పునపుడు గూడ ధ్యానముననే యున్నట్లుండెడివాడు.

ఆంధ్రులకు ప్రత్యేక రాష్ట్రము కావలెనను వాదమునకును ఈ పత్రిక మొదటినుండి అండ. 1913లో బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ కూడుటకు పూర్వమే ఆ చర్చకు తన పుటలలో చోటిచ్చినది.

సాయంకాలముల పత్రికా కార్యాలయమున జరిగెడి గోష్ఠికి దర్బారని పేరు. దర్బారనగా సింహాసనమేమియు లేదు. కవులు, చిత్రకారులు, జాతీయ కళాశాల అధ్యాపకులు, పనిలేని ఊరివారు గూడ అచ్చట కూడెడివారు. పద్యము చదువుట, పరిహాసమాడుట, దేశవార్తలు తూచుట, అన్నియు నచ్చటనే. రావూరి సత్యనారాయణరావుగారి వడగళ్లు అను హాస్యశీర్షిక ఆ పత్రికలోనిదే. గంభీర సంపాదకీయమున కెదుట పుటలో నవ్వుండుట పాఠకునకు విశ్రాంతి. సంపాదకుడు తన గాంభీర్యమును తానే మిక్కిలిగా నమ్ముకొనలేదనుటకు అదియే సాక్ష్యము.

ముప్పదియెనిమిది యేండ్లు ఒక్కరే సంపాదకుడుగా నుండుట మేలా కీడా యని అడుగవచ్చును. మేలేమనగా పత్రికకు ఒక కంఠమేర్పడెను. కీడేమనగా ఆ కంఠ మాగినపుడు పత్రికయే ఆగునేమో యను భయము కలిగెను. 1945లో కృష్ణారావుగారు కన్నుమూసిరి. స్వాతంత్ర్యమునకు రెండేండ్లు ముందు. 1953 అక్టోబరు 1వ తేదీన కర్నూలు రాజధానిగా వెలసిన ఆంధ్రరాష్ట్రమునకు ఎనిమిదేండ్లు ముందు. తాను జీవితాంతము కోరిన రెండును చూడలేదు.

ఆయన వ్యాసములు సమీక్ష యను పేర గ్రంథమై వెలసినవి. సంపాదకత్వము కాటూరి వేంకటేశ్వరరావుగారికి సంక్రమించెను. పింగళి లక్ష్మీకాంతముగారితో కలిసి సౌందరనందమును రచించిన కవి ఆయన. ఆ కుర్చీలో కవి కూర్చుండుట చూచి బందరువారెవరును ఆశ్చర్యపడియుండరు.