సి.బెళగల్ రైతులు అడిగిన ప్రశ్నలు, మా జవాబులు

(సి.బెళగల్‌లో జరిగిన రైతు సమావేశంలో సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు ముందు మేము పది రోజుల పాటు గుండ్రేవుల, పోలకల్ వైపు ఊళ్లన్నీ తిరిగాం. మేం చెప్పడానికి పోలేదు. మీరేం అడుగుతారో రాసుకోవడానికి పోయాం. నోటుబుక్కు నిండింది. ఇంటికొచ్చి చూసుకుంటే ప్రశ్నలన్నీ ఐదారు దగ్గరికే చేరాయి. ఏ విత్తనం మంచిది? మొలవకపోతే ఎవరిని అడగాలి? గులాబీ పురుగు ఎందుకు పోవడం లేదు? ఎరువు ఎంత వేయాలి? తేమ పేరుతో ఎందుకు కోస్తున్నారు? మద్దతు ధర ఎలా కడతారు? సాగు చేసేది మేమైతే కాగితంలో మా పేరు ఎందుకు లేదు?

ఈ ప్రశ్నలు ఒక్కోదానికి రెండు జవాబులు ఉన్నాయి. చేలో మనం చేసుకోవలసింది ఒకటి. ప్రభుత్వాన్ని, కంపెనీని, మార్కెట్‌ను అడిగి సాధించుకోవలసింది ఇంకొకటి. మొదటిది వదిలేస్తే పంట పోతుంది. రెండోది వదిలేస్తే పంట వచ్చినా అప్పు తీరదు. కాబట్టి రెండూ కలిపే చెబుతాం.

ఏ విత్తనం మంచిది?

పత్తి వేసేవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే. బజారులో బీజీ-2 ప్యాకెట్ల మీద పేర్లు ఎన్ని ఉన్నా, కాయతొలుచు పురుగును ఆపడానికి లోపల పెట్టిన జన్యువులు ఒకటే. తేడా అంతా హైబ్రిడ్‌లో, దాని కాలంలో ఉంటుంది. మనది ఎక్కువగా వర్షం మీద సాగు. కాలం ఎక్కువ తీసుకునే రకం వేస్తే చివరి కాయలు ఎండకూ గులాబీ పురుగుకూ పోతాయి. తొందరగా, ఒకేసారి కాపు వచ్చే రకం మనకు మేలు. పక్కూరి చేలో బాగా పండిందని కాకుండా, మీ నేల ఎర్రదా, నల్లరేగడా, లోతు ఎంత అనేది చూసి ఎంచుకోండి.

తొలకరి పడగానే గొర్రు కట్టొద్దు. తేలిక నేలల్లో 50 నుంచి 60 మిల్లీమీటర్లు, నల్లరేగడిలో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి నేల బాగా తడిసాకే విత్తండి. ఒక్క జల్లుకే విత్తి, తర్వాత పది రోజులు ఎండ కాసి, రెండోసారి ప్యాకెట్లు కొన్నవాళ్లు ఈ సభలోనే చాలామంది ఉన్నారు.

2025-26కు బీజీ-2 ప్యాకెట్ గరిష్ట ధర రూ.901. అంతకు మించి ఎవరు అడిగినా తప్పు. ఈ ధరకు కట్టడి ఊరికే రాలేదు. మొదట్లో బీటీ ప్యాకెట్ రూ.1,600 పైన అమ్మారు. రైతులు గొడవ చేశాక, 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు వెళ్లి, ప్యాకెట్ ధరను రూ.750కి దించింది. 2007లో పత్తి విత్తనాల చట్టం కూడా తెచ్చింది. అడిగితేనే దిగింది.

కలుపు మందు కొట్టినా చావని పత్తి అని లూజుగా అమ్మేదాన్ని ముట్టొద్దు. దానికి అనుమతి లేదు, బిల్లు ఉండదు. రేపు మొలవకపోయినా, కాయ పట్టకపోయినా అడగడానికి మీ చేతిలో ఏ ఆధారమూ ఉండదు.

మొలవకపోతే ఎవరిని అడగాలి?

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన సంఘంలో ఉన్న ఒక కౌలు రైతు నాలుగు ఎకరాలకు విత్తనం ఉద్దరకు తెచ్చుకున్నాడు. సగం చేను మొలవలేదు. మేము వెంటబెట్టుకొని దుకాణానికి పోతే, 'నా దగ్గర కొన్నట్టు ఏముంది?' అన్నాడు ఆ వ్యాపారి. నిజమే, ఏమీ లేదు. తెల్ల చీటీ మీద అప్పు లెక్క తప్ప బిల్లు లేదు. గట్టిగా అడగడానికి ఆ రైతుకూ నోరు రాలేదు. పండిన పత్తి ఆ దుకాణానికే వేయాలి, వచ్చే ఏడు మందులూ అక్కడే తేవాలి. అతను మళ్లీ ప్యాకెట్లు కొని విత్తాడు. ఆ అప్పు ఇప్పటికీ ఉంది.

చట్టం ప్రకారం అతను గెలవగలిగేవాడు. ఇది మనకు తెలియాలి. నాసిరకం విత్తనాలతో నష్టపోయిన ఆంధ్రప్రదేశ్ రైతులు కర్నూలు సహా పలు జిల్లాల వినియోగదారుల ఫోరాలకు వెళ్లారు. ఆ కేసులు సుప్రీంకోర్టు దాకా పోయాయి. జాతీయ విత్తన సంస్థకూ రైతులకూ మధ్య నడిచిన ఆ వ్యాజ్యంలో 2012 జనవరిలో తీర్పు వచ్చింది. విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, విత్తన చట్టం ఉన్నా వినియోగదారుల ఫోరానికి వెళ్లే హక్కు అతనికి ఉందని కోర్టు చెప్పింది. రైతు విత్తనమంతా చేలో వేస్తాడు, పరీక్షకు దాచిపెట్టలేదని అతని ఫిర్యాదు కొట్టేయడం కుదరదని కూడా చెప్పింది.

కాబట్టి ఈ నాలుగు పనులు మరవొద్దు. లాట్ నంబరుతో బిల్లు తీసుకోండి, ఉద్దరకు తెచ్చినా సరే. ఖాళీ ప్యాకెట్లు, వాటి లేబుళ్లు పంట ఇంటికి వచ్చేదాకా దాచండి. మొలక సరిగా రాలేదని తెలిసిన వారంలోపే వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, చేను చూసి నివేదిక రాయమని అడగండి. ఫోటోలు తీసుకోండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రూ.5 లక్షల లోపు కొనుగోలుకు సంబంధించిన ఫిర్యాదుకు ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయవచ్చు. ఒక్కరే అడిగితే దుకాణదారు అప్పు గుర్తు చేస్తాడు. ఒకే లాటు కొన్న ఇరవై మంది కలిసి పోతే మాట వేరేగా ఉంటుంది.

గులాబీ పురుగు ఎందుకు పోవడం లేదు?

బీజీ-2 వచ్చిన 2006లో ఈ పురుగు చచ్చేది. దేశమంతా ఒకే పంట, ఏడాది పొడవునా చేలో పత్తి ఉండటంతో పురుగు ఆ విషానికి అలవాటు పడింది. ఇప్పుడు బీజీ-2 అయినా దీన్ని ఆపదు. దానికి తోడు ఇది కాయ లోపల ఉంటుంది. పైన కొట్టిన మందు దాన్ని తాకదు.

అందుకే కాయలోకి పోకముందే పట్టుకోవాలి. విత్తిన 45 రోజులకే ఎకరాకు నాలుగు లింగాకర్షక బుట్టలు పెట్టండి. వరుసగా మూడు రోజులు రాత్రికి ఎనిమిదేసి మగ రెక్కల పురుగులు పడితే మందు కొట్టాల్సిన సమయం వచ్చినట్టు. విచ్చుకోని గుడ్డిపూలు కనిపిస్తే ఏరి కాల్చేయండి. వారానికోసారి చేలో అక్కడక్కడ ఇరవై పచ్చికాయలు కోసి చీల్చి చూడండి. రెండింటిలో పురుగు ఉంటే ఆలస్యం చేయొద్దు. మొదట వేపనూనెతో మొదలుపెట్టండి. తొలి దశలోనే సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు కొడితే తెల్లదోమ పెరిగి ఇంకో బాధ మొదలవుతుంది.

అన్నింటికంటే ముఖ్యం, డిసెంబరు దాటాక చేలో పత్తి ఉంచొద్దు. ఇక్కడే మీరు అడిగిన మాట న్యాయమైనది: 'పీకేసి ఏం వేయాలి? నీళ్లేవి?' 2024 ఆగస్టులో తుంగభద్ర డ్యాం 19వ గేటు కొట్టుకుపోయింది. గేట్లన్నీ మార్చాలని 2025-26 రబీలో రెండో పంటకు కాలువ నీళ్లు లేవన్నారు. మన పక్కనే పారే తుంగభద్ర మీద గుండ్రేవుల జలాశయం ఏళ్లుగా కాగితాల మీదే ఉంది. రెండో పంటకు భరోసా లేని రైతు ఆఖరి నాలుగు కాయల కోసం పత్తి నిలబెడతాడు. ఆ నాలుగు కాయలలోనే పురుగు వచ్చే ఏడాదికి దాక్కుంటుంది. గులాబీ పురుగు సమస్యలో సగం నీళ్ల సమస్యేనని అధికారులకు మేము చెబుతూనే ఉన్నాం. అయినా నష్టం మనదే కనుక, పంట అయిపోగానే గొర్రెలు, పశువులు మేపండి. కట్టె పీకి ముక్కలు చేసి దున్నేయండి. వంటచెరకు కోసం ఇంటి పక్క కుప్ప పెట్టొద్దు.

ఎరువు ఎంత వేయాలి?

భూసార పరీక్ష చేయించకుండా ఎవరు లెక్క చెప్పినా అది అంచనాయే. ఒక్క మాట మాత్రం చెబుతాం. డీఏపీ దొరకలేదని పంట ఆగదు. డీఏపీ 50 కిలోల బస్తాలో భాస్వరం 23 కిలోలు, నత్రజని 9 కిలోలు. అదే భాస్వరం సూపర్ ఫాస్ఫేట్ మూడు బస్తాల్లో కొంచెం ఎక్కువే వస్తుంది, పైగా గంధకం, కాల్షియం వస్తాయి. నత్రజని లోటు అర బస్తా యూరియాతో తీరుతుంది. వేరుశనగ వేసేవాళ్లు ఊడలు దిగే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం మరవొద్దు. కాయ నిండటం దాని మీదే ఉంది.

యూరియా 45 కిలోల బస్తా రూ.266.50. డీఏపీ రూ.1,350. బస్తా మీద అచ్చేసిన ధర కంటే ఎక్కువ తీసుకోవడం ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం నేరం. బస్తా కావాలంటే పక్కన సీసా కొనాలని లింకు పెడితే, బిల్లు అడిగి, ఆ బిల్లుతో మా దగ్గరికి రండి. ఊరికి ఇద్దరు వచ్చినా ఫిర్యాదు పెడదాం.

తేమ పేరుతో ఎందుకు కోస్తున్నారు?

సీసీఐ నిబంధన ఇది. 8 శాతం తేమ ఉంటే పూర్తి ధర. ఆపైన ఒక్కో శాతానికి ధరలో ఒక శాతం కోత. 12 శాతం దాటితే కొనరు. పొడుగు పింజ పత్తికి 2025-26 మద్దతు ధర రూ.8,110. తేమ 12 ఉంటే సుమారు రూ.324 పోయి రూ.7,786 వస్తుంది.

మన చేతిలో ఉన్నది ఏమిటంటే, మంచు ఆరాక ఏరించండి. టార్పాలిన్ మీద ఆరబెట్టండి. మొదటి ఏరుడు, చివరి ఏరుడు కలపొద్దు. ఒక్క సంచి గుడ్డిపత్తి బండి మొత్తం ధర దించుతుంది. మనం అడగవలసింది ఏమిటంటే, చేత్తో నొక్కి తేమ చెప్పడం ఒప్పుకోవద్దు. మీటరు పెట్టి, అంకె మన ముందే చూపించాలి.

2025-26లో సీసీఐకి అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో పేరు నమోదు, స్లాట్ తప్పనిసరి చేశారు. ఫోన్ లేనివాళ్ల సంగతి ఎవరూ ఆలోచించలేదు. ఊరికో ఇద్దరు కుర్రాళ్లు ఈ పని నేర్చుకొని మిగతావాళ్లకు చేసిపెట్టాలి. దీన్ని మా సంఘం బాధ్యతగా తీసుకుంటున్నాం.

ఆదోని మార్కెట్లో ప్రైవేటు ధర ఎందుకు లేవడం లేదని కూడా అడిగారు. 2025 ఆగస్టు 19 నుంచి విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని కేంద్రం ఎత్తేసింది. మొదట సెప్టెంబరు ఆఖరు దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. సరిగ్గా మన పత్తి మార్కెట్‌కు వచ్చే నెలలివే. మిల్లుకు చౌకగా బయటి పత్తి దొరికితే మన బండి దగ్గరికి ఎవరొస్తారు?

మద్దతు ధర ఎలా కడతారు?

చేతి నుంచి పెట్టిన ఖర్చు, ఇంట్లోవాళ్ల కష్టం, ఈ రెండింటినే లెక్కేసి దాని మీద సగం కలుపుతున్నారు. మధ్యరకం పత్తికి 2025-26లో క్వింటా ఖర్చు రూ.5,140 అన్నారు. సగం కలిపి రూ.7,710 చేశారు. సొంత భూమి కౌలు విలువ, సొంత స్థిర పెట్టుబడి మీద వడ్డీ ఇందులో లేవు. అవన్నీ కలిపిన ఖర్చును సి2 అంటారు. 2004లో వేసిన స్వామినాథన్ కమిషన్ సగటు ఉత్పత్తి ఖర్చు మీద 50 శాతం కలపాలన్నది. రైతు సంఘాలు అడుగుతున్నది సి2 మీద ఆ 50 శాతం.

మీ లెక్క మీరే వేయండి. ఉదాహరణకు ఎకరాకు కౌలుతో కలిపి రూ.42 వేలు పెట్టి, ఆరు క్వింటాళ్లు తీస్తే క్వింటా ఖర్చే రూ.7,000. మరి మిగిలేదెంత? ఖర్చు రాసుకునే అలవాటు లేకపోతే, అధికారి చెప్పిన లెక్కే మన లెక్క అవుతుంది.

ఉల్లికి ఈ మాత్రమూ లేదు. మద్దతు ధర ప్రకటించే పంటల్లో ఉల్లి, మిరప లేవు. 2025లో కర్నూలు మార్కెట్లో ఉల్లి ధర కూలిపోయాక, రైతులు రోడ్డెక్కాక, మార్క్‌ఫెడ్ ద్వారా క్వింటా రూ.1,200కు కొన్నారు. ఏటా ధర పడ్డాక పరిగెత్తడం కాదు, విత్తే ముందే ధర చెప్పాలి.

మా పేరు ఎందుకు లేదు?

చివరి ప్రశ్న, అన్నింటికీ మూలం ఇది. సీసీఐ స్లాట్ కావాలన్నా, పంట నష్టం రావాలన్నా ఈ-పంటలో పేరుండాలి. కౌలు రైతుకు ఆధారం సాగుదారు హక్కు కార్డు. 2019 చట్టం ప్రకారం ఆ కార్డుకు భూ యజమాని సంతకం కావాలి. అంతకుముందు 2011 చట్టంలో సంతకంతో పని లేకుండా కౌలు రైతే దరఖాస్తు పెట్టుకునేవాడు. ఆ వెసులుబాటు పోయింది.

ఈ సభలో భూ యజమానులు కూడా ఉన్నారు. వాళ్లకు మా మనవి: ఈ కార్డు 11 నెలలకే. పంట మీద హక్కు తప్ప భూమి మీద ఏ హక్కూ ఇవ్వదని చట్టంలోనే రాసి ఉంది. సంతకం పెడితే మీ భూమి ఎక్కడికీ పోదు. పెట్టకపోతే మీ చేలో కష్టపడేవాడు దుకాణం ఉద్దరకే పోతాడు. మొలవని విత్తనం తెచ్చుకున్న ఆ కౌలు రైతు గురించి చెప్పాం కదా, అతనికి బ్యాంకు రుణం దొరికి ఉంటే బిల్లు అడిగే ధైర్యం వచ్చేది.

అందుకని ఈ నెలలో రెండు పనులు చేద్దాం. ఊరూరా కౌలు రైతుల జాబితా రాసి, యజమానుల దగ్గరికి సంఘంగా పోయి సంతకాలు అడుగుదాం. సంతకం లేకుండానే కార్డు ఇచ్చేలా చట్టం సవరించాలని, తేమ మీటర్లు అందరికీ కనబడేలా పెట్టాలని తహసీల్దారుకు వినతిపత్రం ఇద్దాం. వచ్చేటప్పుడు మీ విత్తనం, ఎరువు బిల్లులు వెంట తెండి. బిల్లు లేనివాళ్లు కూడా రండి. ఎందుకు లేదో అక్కడే చెబుదాం.

 ఇంకా ప్రశ్నలున్నవాళ్లు లేచి అడగండి, రాసుకుంటాం.