ఊపిరి గొట్టాల్లో తూములు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

నేను డాక్టర్ను కాను. 1986 పదో తరగతి బ్యాచ్ వాణ్ని. ముప్పై ఏళ్లుగా ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజినీరుగా వాల్వులు, గేజీలతో బతుకుతున్నాను. అంతకంటే ఎక్కువ కాలంగా దమ్ముతో బతుకుతున్నాను. పుస్తకాల భాషలో ఉబ్బసం, ఆస్తమా. మందులు రాసేది డాక్టర్లే. ఆ మందు లోపల ఏ వాల్వు తిప్పుతుందో తెలుసుకోవాలన్న ఆరాటం మాత్రం ఇంజినీరుది. తెలుసుకున్నది మన తూముల భాషలోనే చెబుతాను.

మంజీర మీద నిజాంసాగర్ 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ కాలపు కట్టడం. ఆ కాలువ నీళ్లు వచ్చాకే బోధన్ చుట్టూ చెరుకు పెరిగింది, శక్కర్‌నగర్‌లో ఫ్యాక్టరీ వెలిసింది. కాలువ పొడుగునా తూములుంటాయి. లష్కర్ షట్టర్ ఎత్తితేనే మడికి నీళ్లు. అవతల మట్టం ఎక్కువ, ఇవతల తక్కువ కాబట్టి, షట్టర్ కొంచెం లేపినా నీళ్లు ఉరికి వస్తాయి.

మన శరీరంలో ప్రతి కణం గోడకూ ఇలాంటి తూములున్నాయి. వాటినే అయాన్ చానెళ్లు అంటారు. వాటిలోంచి పారేది కాల్షియం, పొటాషియం, సోడియం, క్లోరైడ్. కణం బయట ఉండే కాల్షియం లోపలి కంటే సుమారు 10,000 రెట్లు ఎక్కువ. అంత తేడా ఉన్నప్పుడు తూము రెప్పపాటు తెరుచుకున్నా చాలు. ఒక్క తూములో పారే కరెంటును కొలిచే పద్ధతిని జర్మనీలో నేహెర్, సక్‌మన్ 1976లో చూపించారు, 1991లో నోబెల్ అందుకున్నారు. వాళ్లు కొలిచింది పికో ఆంపియర్లలో. మా కంట్రోల్ రూముల్లో కొలిచే మిల్లీ ఆంపియరులో అది వంద కోట్ల వంతు.

ఇక ఊపిరి గొట్టాల సంగతి. గొట్టం లోపలి పొర కింద నరాల కొసలుంటాయి. వాటి మీద రెండు కాపలా తూములు. ఒకటి టీఆర్‌పీవీ1, రెండోది టీఆర్‌పీఏ1. టీవీ వాళ్ల టీఆర్‌పీకీ వీటికీ సంబంధం లేదు! మొదటిది మిరపకాయ కారానికి, 43 డిగ్రీలు దాటిన వేడికి తెరుచుకుంటుంది. అమెరికాలో డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని పట్టుకుంది. ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. రెండోది ఆవపిండి ఘాటుకు తెరుచుకుంటుంది. పొగలో ఉండే అక్రోలీన్ అనే రసాయనానికీ తెరుచుకుంటుంది. ఆకు కాలినా, కట్టె కాలినా, బీడీ కాలినా ఆ పొగలో అక్రోలీన్ ఉంటుంది.

పోపులో ఎండుమిరపకాయ మాడితే ఇంట్లో అందరూ దగ్గుతారు. అది జబ్బు కాదు, కాపలా. తూము తెరుచుకుని కబురు మెదడుకు పోతుంది, అక్కణ్నుంచి వేగస్ నరం ద్వారా ఆజ్ఞ వెనక్కి వస్తుంది: దగ్గు, గొట్టం బిగించు. గొట్టం చుట్టూ ఉన్న కండరం లోపల చిన్న చెరువులాంటి కాల్షియం నిల్వ ఉంది. ఆజ్ఞ అందగానే ఆ చెరువు తూములు లేస్తాయి, కండరం బిగుస్తుంది. నలుగురికీ అది క్షణంలో సర్దుకుంటుంది. దమ్మున్న మనిషికి సర్దుకోదు. పిల్లికూతలు మొదలవుతాయి.

ఎందుకు సర్దుకోదు? ఎందుకంటే గొట్టం లోపలి పొర ముందే వాచి ఉంటుంది. దుమ్ము పురుగో, పుప్పొడో, బూజో పడనివాళ్లలో మాస్ట్ కణాలనే కాపలా కణాలు వాటిని గుర్తుపడతాయి. వాటి కాల్షియం తూములు తెరుచుకుని హిస్టమిన్ వంటి రసాయనాలు బయటపడతాయి. వాపు పెరుగుతుంది. వాపులో పుట్టే రసాయనాలు నరాల మీది తూములను సున్నితం చేస్తాయి. 43 డిగ్రీలకు తెరుచుకోవలసిన తూము అంతకు చాలా తక్కువ వేడికే లేస్తుంది. మా భాషలో చెప్పాలంటే సెట్ పాయింట్ జారిపోయింది. వాగు పొంగినప్పుడు లేవాల్సిన షట్టర్, చినుకు పడితే లేస్తున్నట్టు.

ఇప్పుడు మందులు. నీలి రంగు ఇన్‌హేలర్‌లో ఉండే సాల్‌బుటమాల్ కండరం మీద పని చేస్తుంది. అది చేసే పనుల్లో ఒకటి, పొటాషియం తూములను తెరవడం. పొటాషియం బయటికి పోతే కణం లోపలి వోల్టేజీ పడిపోతుంది, కాల్షియం తూములు మూసుకుంటాయి, కండరం వదులవుతుంది. అయిదు నిమిషాల్లో హాయి. నాలుగు నుంచి ఆరు గంటలు దాని పని. అంతే. వాపును అది ముట్టుకోదు. జారిన సెట్ పాయింట్ జారినట్టే ఉంటుంది.

సెట్ పాయింట్‌ను మళ్లీ దారికి తెచ్చేది రెండో ఇన్‌హేలర్, స్టెరాయిడ్ ఉన్నది. దాని పని రోజుల్లో, వారాల్లో తెలుస్తుంది. పీల్చగానే ఏమీ తెలియదు కాబట్టి మనవాళ్లు దాన్నే ముందు మానేస్తారు. స్టెరాయిడ్ అనగానే భయం. మాత్రలో మిల్లీగ్రాముల్లో ఉండే మందు ఇందులో మైక్రోగ్రాముల్లో ఉంటుంది, నేరుగా గొట్టంలోకే పోతుంది. పీల్చాక నోరు పుక్కిలిస్తే చాలు. ఉబ్బసం మీద ప్రపంచ స్థాయిలో సలహాలిచ్చే గీనా సంస్థ 2019 నుంచి ఒక మాట గట్టిగా చెబుతోంది: పన్నెండేళ్లు దాటినవాళ్లు ఒక్క సాల్‌బుటమాల్ మీదే ఆధారపడకూడదు, స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ తోడుండాలి. ఈ సభలో మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటే, ఇది గుర్తుపెట్టుకోండి.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయపడేవాళ్లున్నారు. కళ్లద్దాలు అలవాటైపోతాయని పిల్లవాణ్ని బోర్డు కనబడకుండా కూర్చోబెడతామా? ఆడపిల్ల ఇన్‌హేలర్ వాడుతుందని తెలిస్తే సంబంధం తప్పిపోతుందని దాచిపెట్టే ఇళ్లూ ఉన్నాయి. దాచిన ఇన్‌హేలర్ అర్ధరాత్రి చేతికి దొరకదు. మృగశిర కార్తె నాడు హైదరాబాద్ పోయి బత్తిని వారి చేప ప్రసాదం తీసుకునేవాళ్లు మన జిల్లాలోనూ ఉన్నారు. ఎవరి నమ్మకాన్నీ నేను కాదనను. ప్రసాదం తీసుకున్నామని ఇన్‌హేలర్ మాత్రం ఆపొద్దు.

చెరుకు పిప్పి మాట కూడా చెప్పాలి. బూజు పట్టిన పిప్పి ధూళితో వచ్చే బగసోసిస్ ఉబ్బసం కాదు. అది ఊపిరితిత్తుల లోతుల్లో వచ్చే వేరే జబ్బు. పిప్పితో పని చేసేవాళ్లకు జ్వరం, దగ్గు, ఆయాసం కలిసి వస్తే, ఏం పని చేస్తారో డాక్టరుకు తప్పక చెప్పండి.

శక్కర్‌నగర్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు తగ్గి వరి పెరిగింది. కార్తీకంలో కోతలయ్యాక కొయ్యకాళ్లు కాలుస్తున్నాం. నేనూ రైతు బిడ్డనే. కూలీల ఖర్చు, తర్వాతి పంటకు తొందర నాకు తెలుసు. అయినా అడుగుతున్నాను. బడి చుట్టుపక్కల పొలాలున్న మన పూర్వ విద్యార్థులు, కనీసం ఆ పొలాల్లోనైనా నిప్పు పెట్టకుండా దున్నించండి. ఆ పొగ కంటికి కనబడకుండా పోయినా, దాన్ని పట్టే తూము ఈ పిల్లల గొంతులో ఉంది.

ఈ స్వర్ణోత్సవం గుర్తుగా సంఘానికి రెండు పనులు ప్రతిపాదిస్తున్నాను. ఒకటి, ఏ పిల్లలకు ఉబ్బసం ఉందో తల్లిదండ్రులను అడిగి, డాక్టరు రాసిచ్చిన కాగితంతో సహా హెడ్మాస్టరు గదిలో జాబితా పెడదాం. పక్కనే నీలి ఇన్‌హేలరు, చిన్న పిల్లలు సులువుగా పీల్చే స్పేసరు ఉంచుదాం. ఆ ఖర్చు మా బ్యాచ్‌ది. రెండు, ఏడాదికోసారి ఊపిరితిత్తుల డాక్టరును పిలిపించి టీచర్లకు చెప్పిద్దాం. పిల్లవాడు ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదవులు నీలంగా మారినా, ఇన్‌హేలరు ఇస్తూనే ఆసుపత్రికి తీసుకుపోవాలి. పక్క పీరియడ్ దాకా ఆగొద్దు.

ఆటల పీరియడ్‌లో దమ్ముతో వేపచెట్టు కింద కూర్చునే పిల్లవాడు ప్రతి తరగతిలోనూ ఒకడుంటాడు. వాడు లేచి ఆడగలడు. అందుకు కావలసిన మందు మన ఊరి మెడికల్ షాపులోనే ఉంది. వాడికి అది అందేలా చూద్దాం. సెలవు.