కాయకు సున్నపు సత్తువ

గ్రామపెద్దలగు మీతో నేడు టమాటాకాయ గట్టిదనమును గూర్చి కొన్ని మాటలు మనవి చేసెదను.

మా చేవెళ్ల, మొయినాబాదు ప్రాంతములలో కూరగాయల సేద్యము విశేషము. హైదరాబాదు అంగళ్లు సమీపముననే యున్నవి. అయినను ధర పడిపోయిననాడు రైతు సరకు నాపుకొనలేడు. కాయ మెత్తబడి, గంప యడుగున నలిగి, నీరు కారును. నాలుగు దినములు నిలుచు కాయయే రైతునకు బేరమాడు బలము నిచ్చును.

కాయ యేల మెత్తబడును? గోడలో రాతికిని రాతికిని నడుమ సున్నమున్నట్లు, కాయలోని సూక్ష్మకణముల నడుమ పెక్టిన్ అను జిగురు కలదు. దానిని బిగించి యుంచునది ఖటికము, అనగా కాల్షియము. సున్నములోని మూలద్రవ్యము నదియే. 1591లో కట్టిన చార్మినారు రాళ్లను పట్టియుంచినదియు సున్నమే కదా! కాయ పండునపుడు ఎంజైములు ఈ జిగురును కరగించును. ఖటికము తగినంత యున్నచో ఆ కరగుట నెమ్మదించును. మురబ్బా చేయువారు బూడిదగుమ్మడి ముక్కలను సున్నపుతేటలో నానవేయుటయు ముక్క చెదరకుండుటకే.

నేలలో సున్నమున్నంత మాత్రమున చాలదు. ఖటికము నీటివెంట నడచును. ఆకులు నీటిని విస్తారముగా నావిరి చేయును గనుక, అది వానికే యెక్కువగా చేరును. ఆకునుండి కాయకు మరల రాదు. కాయ క్రిందికొన నల్లబడి కుళ్లుట ఈ కొరతకే గుర్తు. కావున తడులు క్రమముగా నిచ్చుచు, లీటరు నీటికి 5 గ్రాముల కాల్షియం క్లోరైడు కరగించి, పిందె దశ మొదలు రెండు మూడు మారులు, చల్లని సాయంకాలమున, కాయలు తడియునట్లు పిచికారీ చేయవలెను. తాంబూలపు సున్నము దీనికి పనికిరాదు.

నేనును పొరపడినవాడనే. బడి విడిచి సేద్యమునకు దిగిన తొలియేట, మందు హెచ్చిన మేలు హెచ్చునని తలచి, రెట్టింపు మోతాదును మిట్టమధ్యాహ్నమున చల్లించితిని. మూడవనాటికి ఆకుల యంచులు మాడినవి. బాలురకు మితము బోధించినవాడను నేనే మితము తప్పితిని!

ఈ పిచికారీ దెబ్బతిన్న కాయను బాగుచేయదు. ఎండలో పోసిన రాశిని కాపాడదు. వేకువ చల్లదనమున కోసి, నీడ నుంచి, క్రేట్లలో నలుగకుండ పేర్చవలెను.

నా మాటపై నమ్మకముంచి చేనంతయు తడుపవలదు. మొదట ఒక్క సాలునకే మందు చల్లుడు. ఆ సాలునుండి పది కాయలు, మందు పడని సాలునుండి పది కాయలు కోసి, నీడలో వేరువేరుగా నుంచి, ఏవి యెన్ని దినములు నిలిచినవో మీ యింటి పిల్లలచేత వ్రాయింపుడు. ఆ లెక్కయే మీకు గురువు.